మేఘాలమీద అద్దెగది

దూరప్రయాణం చేసే మనిషి కోరుకునేవి ఎక్కువేమీ కావు. వేళకింత తిండి, నడుం వాల్చడానికి కాస్త చోటు, పక్కవాడి మోచెయ్యి తగలకుండా వుండే భాగ్యం. మొదటి రెండూ ఏ కాలంలోనైనా నాలుగు డబ్బులు పెడితే దొరికేవే. మూడోది మాత్రం ఎప్పుడూ కలవారి సొత్తుగానే వుంటూ వచ్చింది. వెనకటి జమీందారులు మేనా ఎక్కేవారు. పైన కప్పు, పక్కల తెరలు. లోపల ఎవరున్నారో, ఏం చేస్తున్నారో దారినపోయేవాడికి తెలిసేది కాదు. రైళ్ళు వచ్చాక మేనాలు మూలబడి ఫస్టుక్లాసు కూపే వచ్చింది. రెండే బెర్తులు, లోపలినుంచి వేసుకునే గడియ. కొత్తగా పెళ్ళయిన జంటకు కూపే దొరికిందంటే ఆ సంగతి బంధువులంతా ఏడాదిపాటు చెప్పుకునేవారు.

ఇప్పుడు ఆ గది ఆకాశానికెక్కింది. ముప్పై అయిదు, నలభై వేల అడుగుల ఎత్తున, గంటకు అయిదువందల మైళ్ళకు పైబడిన వేగంతో పోతున్న విమానంలో గోడలూ, తలుపూ, మంచమూ, కుర్చీ గల గది ఒకటి ఒక పూటకు అద్దెకు దొరుకుతున్నది. ఇంగ్లీషువారు దీనికి పెట్టిన పేరును 'స్వీట్' అని పలకాలి. మన చెవికి అది మిఠాయిలా వినిపిస్తుంది. మనవాళ్ళు కొందరు 'సూట్' అంటారు. అది వింటే దర్జీ గుర్తుకొస్తాడు. ఈ రెండు తంటాలూ లేకుండా మనం దాన్ని హాయిగా గది అనుకుందాం.

మనలో చాలామందికి ఆ గదిలో కాలుపెట్టే యోగం వుండకపోవచ్చు. 'మనకు లేని పెళ్ళికి మేళమెందుకు' అని పాఠకులు నవ్వవచ్చు. కాని దాన్నిగురించి మనం తెలుసుకోవలసిన పని వుంది. విమానంలో కొత్త సుఖమేదైనా ముందు ఆ గదిలోనే పుడుతుంది. అక్కడినుంచి మెల్లిగా వెనక వరుసలవైపు నడిచి వస్తుంది. అది మన సీటుదాకా వస్తుందా, దారిలోనే ఆగిపోతుందా అన్నది మనకు సంబంధించిన విషయమే. అందుకని ముందు ఆ గది చూసివద్దాం.

ఎడమచేతి దారి

పెద్ద విమానం గుమ్మంలో నిలబడ్డ ఎయిర్ హోస్టెస్ నమస్కరించి, మన చేతిలోని చీటీ చూసి దారి చూపిస్తుంది. కుడికి తిరగమంటే మనలాంటివారి వరుసలు. ఎడమకు తిరగమంటే ఆ దారి వేరు.

సింగపూరు ఎయిర్‌లైన్స్‌వారి ఎయిర్‌బస్ ఎ380 విమానం రెండంతస్తుల మేడ. దాని పై అంతస్తులో, ముందుభాగాన, 2017లో వారు కొత్తరకం గదులు కట్టించారు. కట్టుబడి నమూనా గీసింది పియర్‌జాన్ అనే ఫ్రెంచి సంస్థ. గదులు మొత్తం ఆరు. నడవకు ఇటు మూడు, అటు మూడు. ఒక్కొక్కటీ సుమారు 50 చదరపు అడుగులు.

యాభై అడుగులంటే ఎంత? మన యిళ్ళలో దేవుడి గదికి కొంచెం పెద్ద, వంటగదికి కొంచెం చిన్న. నేలమీద అదేమంత గొప్ప కాదు. కాని వెనక వరుసల్లో మనకు దక్కే చోటుతో పోల్చి చూడండి. సీటు వెడల్పు 18 అంగుళాలు. ఒక సీటు మొదలుకూ, దాని వెనక సీటు మొదలుకూ నడుమ దూరం 31 అంగుళాలు. రెండూ గుణిస్తే నాలుగు చదరపు అడుగులు కూడా నిండవు. అంటే ఆ ఒక్క గది చోటులో మనవంటివాళ్ళు పన్నెండుమంది కాళ్ళు ముడుచుకుని కూర్చోవచ్చునన్నమాట.

పక్కకు జరిగే తలుపు తోసి లోపలికి వెళితే ముందు కనిపించేది కుర్చీ. ఇటలీలో పేరుమోసిన పోల్ట్రోనా ఫ్రౌ వారి తోలు పనితనం. ఆఫీసుల్లో పెద్దదొరల కుర్చీలాగా ఇది పక్కలకు తిరుగుతుంది, వెనక్కి వాలుతుంది. భోజనం వేళ బల్లవైపు, సినిమా చూసేటప్పుడు గోడకున్న 32 అంగుళాల తెరవైపు, విసుగుపుడితే కిటికీవైపు తిప్పుకోవచ్చు. బట్టలు తగిలించుకోవడానికి చిన్న బీరువా వుంది. చేతిసంచీ పెట్టుకోవడానికి వేరే అర వుంది.

ఆ పక్కనే మంచం. వద్దనుకుంటే గోడలోకి మడిచేస్తారు. కావాలంటే దించి, పరుపు పరచి, దుప్పటి వేస్తారు. పొడుగు 76 అంగుళాలు, అంటే ఆరడుగుల నాలుగంగుళాలు. వెడల్పు 27 అంగుళాలు. మన పాత నవారు మంచంకన్నా ఇది సన్నమే సుమా! అయినా ఈ గదికి వచ్చిన పేరంతా ఆ మంచానిదే. ఎందుకంటే అంతకు పూర్వం చాలా విమానాల్లో కుర్చీయే సాగి పడక అయ్యేది. నిద్ర లేచినవాడు కూర్చోవాలంటే పక్క ఎత్తించాలి, కూర్చున్నవాడు పడుకోవాలంటే ముందు లేచి నిలబడాలి. ఇక్కడ కుర్చీ కుర్చీగానే వుంటుంది, మంచం మంచంగానే వుంటుంది. ముందున్న రెండేసి గదులకు నడుమ గోడ కిందికి దిగుతుంది. అప్పుడు రెండు మంచాలూ కలిసి భార్యాభర్తలకు ఒకే పడకగది అవుతుంది.

ఆరుగురికీ కలిపి స్నానాలగదులు రెండు. వాటిలో ఒకదానిలో అద్దం ముందు కూర్చుని తల దువ్వుకోవడానికి, కొంగు సర్దుకోవడానికి పీట కూడా అమర్చారు. ఆడవాళ్ళతో ప్రయాణం చేసినవాడెవడో ఈ నమూనా గీసివుండాలి!

మంచం పోయి మళ్ళీ వచ్చిన కథ

విమానంలో పడక ఈనాటి వింత కాదు. 1939లో అమెరికాకు చెందిన పాన్ అమెరికన్ సంస్థ అట్లాంటిక్ సముద్రంమీద బోయింగ్ 314 అనే విమానాలు నడిపింది. అవి నీళ్ళమీద దిగే ఓడవిమానాలు. వాటిలో భోజనశాల వుండేది. తోకవైపు కొత్త దంపతులకోసం ప్రత్యేకమైన గది వుండేది. పగలు 74 మంది కూర్చోగల విమానంలో రాత్రి పడకలు వేస్తే అందులో సగంమందికే చోటు. అంటే పడుకునేవాడు ఇద్దరి చోటు తీసుకుంటాడన్న లెక్క అప్పుడే తేలిపోయింది. తరవాత 1949లో వచ్చిన బోయింగ్ స్ట్రాటోక్రూయిజర్లో మెట్లు దిగివెళితే కింద విశ్రాంతి మందిరం, పైన రైలు బెర్తులవంటి పడకలు వుండేవి.

మన దేశంలో ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్‌వారి తొలి విమానం, 'మలబార్ ప్రిన్సెస్', 1948 జూన్ 8న బొంబాయినుంచి లండనుకు బయలుదేరింది. దారిలో కైరో, జెనీవాల మజిలీలు. ఆనాటి ప్రయాణికుడికి గమ్యమే గొప్ప. పడక సంగతి తరవాత.

1960 నాటికి జెట్ విమానాలు వచ్చాయి. ఆ ఏడే మన ఎయిర్ ఇండియా కూడా బోయింగ్ 707 కొన్నది. పదహారు, పద్దెనిమిది గంటల దారి సగానికి తగ్గింది. 'ఇంత తొందరగా చేరిపోయేదానికి మంచమెందుకు' అనుకున్నారు కాబోలు, పడకలు మాయమయ్యాయి. 1971లో ఎయిర్ ఇండియావారి బోయింగ్ 747 వచ్చినప్పుడు కిటికీల చుట్టూ బయట రాజస్థాను మేడల గవాక్షాల బొమ్మలు చిత్రించారు. పై అంతస్తులో ఫస్టుక్లాసువారికి కూర్చుని కబుర్లు చెప్పుకునే సావిడి ఏర్పాటు చేశారు. తలపాగా మహారాజా నడుం వంచి స్వాగతం చెప్పేవాడు. వైభవానికి లోటు లేదు. కాని పూర్తిగా వెల్లకిలా పడుకునే వీలు మాత్రం లేదు.

ఆ వీలు తిరిగి వచ్చింది 1990ల నడుమ. బ్రిటిష్ ఎయిర్‌వేస్‌వారు ఫస్టుక్లాసులో పూర్తిగా చదునుగా పరుచుకునే సీటు పెట్టారు. 2000లో అదే సుఖాన్ని దాని కింది తరగతికి, అంటే బిజినెస్ క్లాసుకు దించారు. అయిదారేళ్ళలో మంచం ఒక మెట్టు దిగిందన్నమాట. ఈ సంగతి పాఠకులు జ్ఞాపకం పెట్టుకోవాలి. దీనితో తరవాత పని వుంది.

తలుపు వచ్చింది

మంచం కింది తరగతికి దిగిపోయాక, పై తరగతివారికి కొత్త ప్రత్యేకత ఒకటి కావాలి కదా! అప్పుడు వచ్చింది తలుపు. 2003లో దుబాయికి చెందిన ఎమిరేట్స్‌వారు తమ ఎయిర్‌బస్ ఎ340 విమానాల్లో తలుపుగల చిన్న గదులు ప్రవేశపెట్టారు. 2007లో మన జెట్ ఎయిర్‌వేస్‌వారు కూడా బోయింగ్ 777 విమానాల్లో అటువంటి గదులు ఎనిమిదేసి పెట్టారు. పాపం, ఆ సంస్థ 2019 ఏప్రిల్‌లో అప్పుల్లో మునిగి ఎగరడం మానేసింది. కాని ఆకాశంలో తలుపు బిగించినవాళ్ళలో మనవాళ్ళు వెనకబడలేదని చెప్పుకోవచ్చు.

లోకమంతా తలుపు సంగతి మాట్లాడుకున్నది మాత్రం 2007 అక్టోబరు 25న. ఆనాడు ఎ380 విమానం మొదటిసారి ప్రయాణికులతో సింగపూరునుంచి సిడ్నీకి ఎగిరింది. టిక్కెట్లు వేలం వేసి, వచ్చిన డబ్బు ధర్మకార్యాలకు ఇచ్చారు. ఈ గదుల జంటకు వచ్చిన పైపాట 1,00,380 డాలర్లు. విమానం పేరులోని 380 చివర కలిసివచ్చేటట్టు పాట పాడిన ఆ సరసుణ్ణి మెచ్చుకోవాలి.

ఆనాడు గదులు పన్నెండు; వాటిని కింది అంతస్తులో కట్టారు. నడుమనున్న జంట గదుల మధ్య తెర దించితే ఇద్దరు పడుకునే మంచం అయ్యేది. ఇది చూసి పత్రికలవాళ్ళు ఏవేవో చమత్కారాలు రాశారు. సంస్థవారికి చిక్కు వచ్చిపడింది. గోడలు కప్పుదాకా లేవు, చప్పుడు బయటికి వినిపిస్తుంది, కనక ప్రయాణికులు తోటివారి మర్యాద కాపాడవలసిందని వారు పద్ధతిగా విన్నవించుకోవలసి వచ్చింది. మంచం ఇచ్చాక మనిషికి మర్యాద కూడా నేర్పవలసిన అవసరం హోటళ్ళవాళ్ళకు కూడా రాలేదేమో!

స్నానమూ, మూడుగదుల వాటా

పక్కవాడికి తలుపు వుంటే మనకు కిటికీ అయినా వుండాలనుకోవడం వ్యాపారధర్మం. 2008 ఆగస్టులో ఎమిరేట్స్‌వారి ఎ380 న్యూయార్కుకు ఎగిరినప్పుడు అందులో 14 గదులతోపాటు షవరు స్నానం చేయడానికి రెండు స్నానశాలలు వున్నాయి. మబ్బులపైన వేడినీళ్ళ స్నానం! కాని నీళ్ళు అయిదు నిమిషాలు మాత్రమే. ఎంత సేపు మిగిలిందో తెలుపుతూ దీపం రంగు మారుతుంది. కుళాయి దగ్గర బిందెలు వరసపెట్టిన అనుభవం వున్న మనకు ఇందులో వింతేమీ కనిపించదు. సబ్బు రుద్దుకునేటప్పుడు నీళ్ళు కట్టేసుకుంటే అయిదు నిమిషాలు బోలెడు.

2014 డిసెంబరులో అబూధాబికి చెందిన ఎతిహాద్‌వారు వీళ్ళందరినీ తలదన్నారు. వారి ఎ380లో పై అంతస్తు మూల ఏకంగా మూడుగదుల వాటా ఒకటి అద్దెకిచ్చారు. కూర్చోవడానికి ఒక గది, పడకగది, షవరుతో స్నానాలగది. అంతా కలిపి 125 చదరపు అడుగులు. సేవకు ప్రత్యేకం ఒక బట్లరు. అతనికి లండనులోని సవాయ్ హోటలువారి శిక్షణాలయంలో తర్ఫీదు. అబూధాబినుంచి లండనుకు ఏడెనిమిది గంటల దారి. మొదట్లో దాని అద్దె, ఒక్క వైపుకే, 20,000 డాలర్ల పైమాట. నేలమీద 125 అడుగులంటే పదడుగుల వెడల్పు, పన్నెండున్నర అడుగుల పొడుగు గల ఒకే ఒక గది. మన మధ్యతరగతి యిళ్ళలో ఇద్దరు పిల్లలు చదువుకునే గది ఆ మాత్రం వుంటుంది. ఎత్తు పెరిగితే చోటు ఖరీదు ఎలా పెరుగుతుందో దీనివల్ల తెలుస్తుంది.

2017లో ఎమిరేట్స్‌వారు 777 విమానంలో నేలనుంచి కప్పుదాకా పూర్తిగా మూసిన గదులు ఆరు కట్టారు. వరుసకు మూడు. అటూ ఇటూ వున్న గదులకు సరే, నడిమి గదికి కిటికీ ఎక్కణ్ణుంచి వస్తుంది? దానికి వాళ్ళు ఒక ఉపాయం పన్నారు. విమానం బయట కెమేరాలు అమర్చి, ఆ దృశ్యాన్ని నడిమి గది గోడలోని కిటికీ ఆకారపు తెరలమీద చూపిస్తారు. బయట మబ్బు కదిలితే లోపలి గోడమీదా కదులుతుంది. నడుమ గదులకు వెలుతురు లేదని సణిగే మన యిళ్ళ అద్దెదారులకు ఈ కిటుకు ఎప్పుడు వస్తుందో!

కట్టేవాడి కష్టాలు

నేలమీద గది కట్టే మేస్త్రీకి ఇటుకలు బరువైనకొద్దీ గోడ గట్టిదని నమ్మకం. ఆకాశంలో గది కట్టేవాడికి అది తలకిందులు. మేనా మోసే బోయీలకు దొరగారి బరువు ఎంతో భుజాలు చెప్పేవి. విమానానికి ఆ సంగతి చమురు చెబుతుంది. ప్రతి శేరు బరువూ ఏళ్ళ తరబడి, ఎగిరినప్పుడల్లా, చమురు తాగుతూనే వుంటుంది. అందుకని గోడలు తేనెపట్టు అల్లికతో చేస్తారు. నడుమ కాగితంలాంటి పదార్థంతో గళ్ళుగళ్ళ అల్లిక, దానికి రెండువైపులా పలచని గాజునార పొరలు. చేత్తో ఎత్తితే అట్టపెట్టెలా తేలిక, వంచితే వంగదు. పైన కనిపించే కొయ్య, రాయి అన్నీ పొరలే. తట్టి చూస్తే తెలిసిపోతుంది.

ఆ తరవాత నిప్పు భయం. గోడగుడ్డ, తివాసీ, పరుపు – ప్రతిదాన్నీ కాల్చి చూసి, తొందరగా అంటుకోదని రుజువైతేనే లోపలికి రానిస్తారు. ఇంకొకటి కుదుపు. విమానం నేలకు గట్టిగా తగిలితే సీటు ఊడిరాకూడదు. అందుకని బొమ్మమనిషిని కూర్చోబెట్టి, భూమ్యాకర్షణకు పదహారు రెట్ల కుదుపుతో పరీక్షిస్తారు. ఈ పరీక్ష వెనక వరుస సీటుకూ వుంది, ఈ సింహాసనానికీ వుంది. తిరిగే కుర్చీ వున్నవాడు కూడా విమానం లేచేటప్పుడు, దిగేటప్పుడు దాన్ని చెప్పిన దిక్కుకు తిప్పి, బిగించుకుని, నడుముకు బెల్టు పెట్టుకుని కూర్చోవలసిందే. మంచంమీద పడుకుని వుంటానంటే వీలులేదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఆ తలుపే. ప్రమాదం వస్తే ప్రయాణికులందరూ క్షణాలమీద బయటపడాలి. తలుపు బిగుసుకుపోతే? అందుకని నేలమీద నడిచేటప్పుడు, లేచేటప్పుడు, దిగేటప్పుడు తలుపు తెరిచి, కదలకుండా కట్టివుంచాలన్నది నియమం. అవసరమైతే సిబ్బంది బయటినుంచి తీయగలగాలి. తలుపు మొరాయిస్తే లోపలివాడు బయటికి రావడానికి ఇంకొక దారి వుండాలి. అంత డబ్బు పోసి కొన్న ఏకాంతం కూడా ప్రయాణంలో నడిమి భాగానికే చెల్లుతుంది. మొదటా, చివరా అందరితోపాటే.

డబ్బుకు లొంగనివి

గదిలో వున్నవాడికీ, గది లేనివాడికీ సమానంగా పంచే వస్తువులు విమానంలో కొన్ని వున్నాయి. మొదటిది గాలి. బయట ఎంత ఎత్తున్నా, విమానం లోపలి గాలి వత్తిడి ఎనిమిదివేల అడుగుల ఎత్తుకు మించకుండా చూస్తారు. అంటే దాదాపు ఊటీ కొండమీది గాలి. కాని ఊటీలోని తేమ వుండదు. నూటికి పది, ఇరవై పాళ్ళకు పడిపోతుంది. గొంతు ఎండుతుంది, పెదవులు పగులుతాయి. పట్టుపరుపుమీద పడుకున్నవాడి ముక్కు కూడా ఎండుతుంది.

రెండోది రుచి. ఆ పొడిగాలిలో, ఇంజను హోరులో, నాలుకకు ఉప్పు, తీపి తగ్గి తెలుస్తాయి. పులుపూ కారమూ అంతగా దెబ్బతినవు. జర్మనీవారి లుఫ్తాన్సా సంస్థ ఈ విషయాన్ని శాస్త్రజ్ఞుల చేత పరీక్ష చేయించింది. టొమాటో రసానికి ఆకాశంలో గిరాకీ ఎందుకు ఎక్కువో దానితో తేలింది. ఈ లెక్కన వెండిగిన్నెలో వచ్చే ఫ్రెంచి వంటకంకన్నా మన చారు, గోంగూర పచ్చడి ఆ ఎత్తుకు తగిన వంటలు. ఈ రహస్యం మన అమ్మమ్మలు ఏ పరీక్షా లేకుండానే కనిపెట్టి, ప్రయాణమంటే పులిహోర మూట కట్టేవారు!

మూడోది కాలం. ముందున్న ఆరుగురూ, వెనకున్న వందలమందీ నేలమీద దిగేది ఒకే నిమిషంలో.

మన వరుసదాకా వస్తుందా?

ఇక మొదట వేసుకున్న ప్రశ్నకు వద్దాం. మంచం ఫస్టుక్లాసునుంచి బిజినెస్ క్లాసుకు అయిదారేళ్ళలో దిగింది. తలుపు కూడా దిగింది. 2017లో కతార్ ఎయిర్‌వేస్‌వారు బిజినెస్ క్లాసు సీటుకే తలుపు పెట్టారు. 2024 జనవరిలో మన ఎయిర్ ఇండియావారు నడపడం మొదలుపెట్టిన ఎయిర్‌బస్ ఎ350లో బిజినెస్ సీట్లు 28కీ జారుడు తలుపులున్నాయి. బాగానే వుంది. ఆ తరవాతి మెట్టు మాటేమిటి?

సింగపూరువారి ఎ380 లెక్క ఒకటి చూడండి. 2007లో గదులు 12, బిజినెస్ సీట్లు 60, మామూలు సీట్లు 399, మొత్తం 471. 2017లో మార్చినప్పుడు గదులు ఆరుకు తగ్గాయి. బిజినెస్ సీట్లు 78 అయ్యాయి. 44 సీట్లతో నడిమితరగతి ఒకటి పుట్టింది. మామూలు సీట్లు 343 అయ్యాయి. మొత్తం మళ్ళీ 471. పైవాడి చోటు పెద్దదైంది, నడుమ మెట్లు పెరిగాయి, వెనకవాడి సీటు మాత్రం సీటుగానే వుంది. పైగా ఆ పెద్ద విమానాల తయారీ కూడా ఆగిపోయింది. చివరి ఎ380ని 2021 డిసెంబరులో ఎమిరేట్స్‌వారికి అప్పగించారు.

ఈ సంగతి మన తెలుగు కుటుంబాలకు ఊరికే పొద్దుపోక చెప్పుకునే కబురు కాదు. కూతురికి పురుడు పోయడానికి డల్లాసుకో, న్యూజెర్సీకో వెళ్ళే తల్లులు ఎందరు లేరు? అరవై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు. శంషాబాదునుంచి దుబాయికి నాలుగు గంటలు, అక్కడినుంచి డల్లాసుకు పదహారు గంటలు. పదహారు గంటలు 31 అంగుళాల్లో! దిగేసరికి పాదాలు పొంగి చెప్పులు పట్టవు. మనవణ్ణి ఎత్తుకునే సంతోషంలో ఆవిడ ఆ నొప్పి పైకి చెప్పదు. పైగా 'విమానంలో హాయిగా వచ్చానమ్మా' అంటుంది. ఆ వయసులో నడుం వాల్చే చోటు భోగమని ఎవరనగలరు?

న్యూజిలాండువారు ఈ దిక్కుగా కొంత ప్రయత్నం చేశారు. 2011లో వెనక వరుసల్లోని మూడు సీట్లు కలిపి, కాళ్ళకింది పలకలు పైకెత్తి, పడుకోవడానికి వీలుగా చేసే ఏర్పాటు పెట్టారు. తరవాత వెనక తరగతి ప్రయాణికులకోసం రైలు బెర్తులవంటి ఆరు పడకల గూడు ఒకటి రూపొందించి, దాని వివరాలు 2022లో ప్రకటించారు. ఒక్కొక్కరికి నాలుగేసి గంటలు, అదీ విడిగా డబ్బు కట్టి. నాలుగు గంటల నిద్ర అంటే తక్కువ కాదు. అమెరికాలో 2018లో చట్టసభ సీటుకు కనీసపు కొలతలు నిర్ణయించమని విమానశాఖను ఆదేశించింది. 2022లో ఆ శాఖ ప్రజాభిప్రాయం అడిగింది.

విమానసంస్థలవారు చెప్పేదానిలోనూ నిజం లేకపోలేదు. టిక్కెట్టు కొనేటప్పుడు మనం చూసేది ధర ఒక్కటే. వెయ్యి రూపాయలు తక్కువంటే ఇంకొక విమానానికి పోతాము. వరుసలు దగ్గరగా జరగబట్టే ఛార్జీలు తగ్గాయి, ఛార్జీలు తగ్గబట్టే మనలాంటివాళ్ళు సముద్రాలు దాటగలుగుతున్నారు.

కాని ఇదే మాట ఒకప్పుడు రైళ్ళగురించీ అనేవారు. మూడో తరగతివాడికి కొయ్యబల్ల చాలునన్నారు. 1974లో మూడో తరగతి అన్న పేరు తీసేశారు, బల్ల మాత్రం అలాగే వుండిపోయింది. 1977లో మధు దండవతేగారు రైల్వే మంత్రి అయ్యాక, రెండో తరగతి పడకలమీద రెండంగుళాల మెత్త వేయించారు. అదేమంత వైభవం? ఫస్టుక్లాసు కూపేముందు దానికి లెక్కేమిటి? అయినా కోట్లమంది వీపులకు ఆ రెండంగుళాలు తెలిశాయి. రైళ్ళు దివాలా తీయలేదు, కూపేలో వున్నవాళ్ళకు ఏ లోటూ రాలేదు. సుఖం దానంతటది మెట్లు దిగి రాలేదు. ఇది అవసరమని తలచినవాడు ఒకడు, పూనుకుని దించాడు.

కనక సింగపూరువారి తోలుకుర్చీని, అబూధాబివారి మూడుగదుల వాటాను చూసి మనం అసూయపడనక్కరలేదు. తేనెపట్టు గోడ, మడిచే మంచం, గోడలో కిటికీ – ఈ తెలివితేటలన్నీ ముందు పుట్టవలసింది అక్కడే కావచ్చు. వాటి ఖర్చు భరించేవాడు భరించనీ. నేర్చిన విద్యలో కాస్త మాత్రం వెనక్కి పంపమని అడుగుదాం. గది వద్దు, తలుపు వద్దు, బట్లరు అసలే వద్దు. డల్లాసు దారిలో మన పెద్దవాళ్ళు నాలుగు గంటలు కాళ్ళు చాపుకుంటే చాలు.